కరెంటు కంపెనీ ఇంధనం లెక్క: బొగ్గు కుప్ప నుంచి డ్యామ్ నీళ్ల దాకా

క్లుప్తంగా: కరెంటుని పెద్ద ఎత్తున దాచుకోవడం ఈమధ్య దాకా కుదిరే పని కాదు, అందుకే కంపెనీలు ఇంధనాన్ని దాస్తాయి. బొగ్గైతే యార్డులో, నీళ్లైతే డ్యామ్‌లో, యురేనియమైతే ఏకంగా రియాక్టర్ లోపలే. గ్యాస్‌కి మాత్రం ప్లాంటు దగ్గర నిల్వ దాదాపు ఉండదు. ఎంత దాచాలి, ఎవరి దగ్గర కొనాలి, రేటు పెరిగితే ఎవరి జేబులోంచి పోవాలి, కాలాక మిగిలినదాన్ని ఎక్కడ పెట్టాలి, వీటికి ఒక కంపెనీ ఇచ్చే జవాబుల్ని బట్టే అది ఇంధనాన్ని బాధ్యతగా చూస్తోందా లేదా తేలుతుంది.

నెల బిల్లులో మామూలు ఛార్జీల కింద ఇంధన సర్‌చార్జి అనో సర్దుబాటు అనో ఇంకో లైన్ కనపడగానే చాలామందికి వచ్చే డౌట్ ఒకటే: వాడిన యూనిట్లు అంతే, రేటు కూడా మారలేదు, మరి ఇదెక్కడ్నుంచి వచ్చింది? ఆ ఒక్క లైన్ వెనకాల రైళ్లు, పైపులు, ఓడలు, వానలు, పదేళ్ల ఒప్పందాలు అన్నీ ఉంటాయి. అవేంటో తెలియకుండా ఆ లైన్ న్యాయమా కాదా అనేది తేల్చలేం.

ముందు ఒక చిన్న బేసిక్. ఏ ప్లాంటుకైనా ఖర్చు రెండు ముక్కలు. కట్టడానికి తెచ్చిన అప్పు, జీతాలు, మెయింటెనెన్స్ లాంటివి ప్లాంటు నడిచినా ఆగినా తప్పవు. రెండోది నడిస్తేనే అయ్యే ఖర్చు, అందులో సింహభాగం ఇంధనమే. ఏ ప్లాంటు ఎప్పుడు నడవాలో చెప్పే గ్రిడ్ ఆపరేటర్ ఈ రెండో ఖర్చు చూసి ఎవరిది తక్కువైతే వాళ్లని ముందు నడపమంటాడు, డిమాండ్ పెరిగేకొద్దీ ఖరీదైనవాటిని పిలుస్తాడు. దీన్నే మెరిట్ ఆర్డర్ అంటారు. మామూలు రోజుల్లో ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. కాకపోతే ఇది చూసేది ఇవాళ్టి రేటునే, వచ్చే వారం యార్డులో బొగ్గు ఉంటుందా, వచ్చే వేసవికి డ్యామ్‌లో నీళ్లుంటాయా అనేది దాని పని కాదు, ఆ లెక్క కంపెనీ విడిగా వేసుకోవాల్సిందే, అసలు తేడాలన్నీ వచ్చేది కూడా అక్కడే.

కుప్పలో ఎన్ని రోజులు ఉండాలి

500 మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఒకటి ఫుల్ లోడ్‌లో రోజంతా నడిస్తే 1.2 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. మధ్యరకం బొగ్గుతో ఒక్కో యూనిట్‌కి 600 గ్రాములు పట్టిందనుకుంటే రోజుకి 7,200 టన్నులు కావాలి. ఒక గూడ్స్ రైలు సుమారు 4,000 టన్నులు తెస్తుందనుకుంటే రోజూ దాదాపు రెండు రైళ్లు రావాలి, వచ్చినవాటిని వ్యాగన్ టిప్లర్ మీద బోర్లించి, బెల్టులెక్కించి, క్రషర్‌లో పగలగొట్టి, బంకర్లు నింపి, మిల్లుల్లో పిండిలా చేసి బాయిలర్‌లోకి ఊదాలి. ఈ గొలుసులో ఎక్కడ ఆగినా ప్లాంటు బతికేది యార్డులో ఉన్న కుప్ప మీదే.

అలాంటప్పుడు రెండు నెలలకి సరిపడా పోసి పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. అంత ఈజీ కాదు. 20 రోజుల నిల్వ అంటేనే 1,44,000 టన్నులు, అంత డబ్బు కుప్పలో ఇరుక్కుపోయి దాని మీద వడ్డీ పెరుగుతూ ఉంటుంది, ఆ వడ్డీ చివరికి చేరేది బిల్లులోకే. పైగా బొగ్గు ఊరికే పడి ఉండే సరుకు కాదు, గాలి తగిలితే నెమ్మదిగా ఆక్సీకరణ జరిగి లోపల వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే దానంతట అదే అంటుకుంటుంది. అందుకే బుల్డోజర్లు కుప్ప మీద అటూ ఇటూ తిరుగుతూ తొక్కుతుంటాయి, సందుల్లో గాలి లేకుండా చేయడానికన్నమాట. పాత బొగ్గు ముందు వాడాలి, కొత్తది తర్వాత. రైలు దిగిన బొగ్గుని నేరుగా బెల్టు మీదికి పంపేస్తే పని తేలిక కాబట్టి కొత్తదే ముందు వాడేస్తూ పోతే, ఒక మూల పాత కుప్ప అలా మిగిలిపోయి వేడి విలువ కోల్పోతూ, ఒకరోజు పొగ మొదలెడుతుంది. లెక్కల పుస్తకంలో మాత్రం అది మంచి బొగ్గుగానే ఉంటుంది.

నిల్వ తక్కువైతే ఏమవుతుందో 2021 అక్టోబర్‌లో భారత్‌లో కనిపించింది. కోవిడ్ తర్వాత డిమాండ్ ఒక్కసారిగా లేచింది, గనుల ప్రాంతాల్లో వానలు గట్టిగా పడ్డాయి, విదేశీ బొగ్గు రేటు పేలిపోవడంతో దిగుమతి బొగ్గు మీద నడిచే ప్లాంట్లు తగ్గించేసుకున్నాయి, దాంతో ఆ భారం కూడా దేశీయ బొగ్గు మీదే పడింది. ప్లాంట్లలో సగటు నిల్వ దాదాపు 4 రోజులకి పడిపోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో నిల్వ నిబంధనల్ని మార్చారు, గని పక్కనున్న ప్లాంట్లకి నెలని బట్టి 12 నుంచి 17 రోజులు, దూరంగా ఉన్నవాటికి 20 నుంచి 26 రోజులు. వీటిలో ఏ కారణమూ కొత్తది కాదు, విడివిడిగా అన్నీ అంతకుముందు జరిగినవే, అన్నీ ఒకే నెలలో కలిసి రావడమే కొత్త.

టన్ను కాదు, వేడి కొంటున్నారు

కాగితం మీద కొనేది టన్నుల్లో బొగ్గైనా నిజానికి కంపెనీ కొంటున్నది వేడి. కిలోకి 6,000 కిలో కేలరీలు ఇచ్చే బొగ్గూ ఉంది, 3,500 దగ్గర ఆగిపోయేదీ ఉంది. బండి దిగగానే చేయాల్సిన పని శాంపిల్ తీయడం. పైపైన పార గుచ్చి తీస్తే అది శాంపిల్ కాదు, ఎందుకంటే వ్యాగన్ ఊగుడికి పొడి కిందికి జారి పెద్ద ముక్కలు పైకి తేలతాయి, రాయి ముక్క ఏ పొరలో ఉందో ఎవరికీ తెలియదు. బొరియ కొట్టే యంత్రం పైనుంచి అడుగుదాకా దిగి తీస్తుంది, దాన్ని నూరి, పంచి, మళ్లీ నూరి, చివరికి ఒక్క గ్రాము పొడిని బాంబ్ కేలరీమీటర్‌లో ఆక్సిజన్ నింపి కాలుస్తారు, చుట్టూ ఉన్న నీళ్లు ఎంత వేడెక్కాయో కొలుస్తారు. వేల టన్నులకి డబ్బు ఎంత కట్టాలో ఆ గ్రాము పొడి చెబుతుంది.

వానకి తడిసిన బొగ్గైతే ఇంకో చిక్కు. తూకంలో నీళ్ల బరువు కూడా పడుతుంది, బాయిలర్‌లో ఆ నీళ్లు ఆవిరి కావడానికి మళ్లీ వేడి ఖర్చవుతుంది, అంటే నీళ్లకి రెండుసార్లు డబ్బు కట్టినట్టు. గని దగ్గర ఒక గ్రేడ్ రాసి ప్లాంటు దగ్గర ఇంకో గ్రేడ్ తేలితే ఆ తేడా ఎవరిదనేది ఒప్పందంలో స్పష్టంగా లేకపోతే అది కూడా తిరిగి తిరిగి సర్‌చార్జిలో తేలుతుంది. ఇంధనం బాధ్యత అనగానే అందరూ కార్బన్ గురించి మాట్లాడతారు గానీ, శాంపిల్ ఎవరు తీశారు, సీల్ ఎవరు వేశారు అనే ఈ చిన్న పనిలో పోయే డబ్బు తక్కువేం కాదు.

గ్యాస్: గోడౌన్ లేని సరుకు

గ్యాస్ ప్లాంటుకి చాలా ప్లస్‌లున్నాయి. గ్యాస్ టర్బైన్ వదిలే వేడితో ఆవిరి టర్బైన్‌ని కూడా తిప్పే మంచి కంబైన్డ్ సైకిల్ ప్లాంటు ఇంధనంలోని వేడిలో 60 శాతం దాకా కరెంటుగా మారుస్తుంది, పాత బొగ్గు ప్లాంట్లు 35 దగ్గరే తచ్చాడతాయి. యూనిట్‌కి వచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా బొగ్గులో సగం కన్నా తక్కువ. బూడిద లేదు, త్వరగా స్టార్ట్ అవుతుంది. ఒకటే లోటు, ప్లాంటు దగ్గర కుప్ప ఉండదు, పైపులో ఈ క్షణం వస్తున్నదే ఈ క్షణం కాలుతుంది.

ఈ లోటు ఎంత దూరం పోతుందో 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో తెలిసొచ్చింది. విపరీతమైన చలికి ప్లాంట్లలో పరికరాలు, పైపులు గడ్డకట్టాయి, గ్యాస్ బావుల దగ్గర కూడా గడ్డకట్టి సరఫరా పడిపోయింది. అదే టైంలో ఇళ్లలో హీటింగ్‌కి డిమాండ్ పైకి లేచింది. చాలా ప్లాంట్లు గ్యాస్ రవాణాకి చవకరకం ఒప్పందాలు చేసుకుంటాయి, అంటే పైపులో జాగా ఉంటేనే ఇస్తారు, లేకపోతే కట్ చేస్తారు. చలి ముదిరినప్పుడు పైపులో జాగా ఎవరికి దొరుకుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున మామూలుగా 60 హెర్ట్జ్ ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.4 కిందికి దిగి 4 నిమిషాలకి పైగా అక్కడే ఉండిపోయింది, అలా 9 నిమిషాలు ఉండి ఉంటే ప్లాంట్లు వరసగా వాటంతట అవే విడిపోయి మొత్తం గ్రిడ్ కూలిపోయేది. దాన్ని ఆపడానికి ఆపరేటర్లు గంపగుత్తగా ఫీడర్లు, అంటే ఒక్కో ప్రాంతానికి కరెంటు తీసుకెళ్లే లైన్లు, కట్ చేశారు. 45 లక్షలకి పైగా ఇళ్లు, దుకాణాలు చీకట్లో పడ్డాయి, ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు.

కట్ చేసిన ఆ ఫీడర్లలో కొన్ని గ్యాస్ కంపెనీలవి, పైపులో గ్యాస్‌ని ముందుకి నెట్టే కంప్రెసర్లకీ బావుల దగ్గర పరికరాలకీ కరెంటు ఇచ్చేవి. వాటిని ముఖ్యమైన లోడ్‌గా గుర్తించమని ఫారం నింపి ఇవ్వాలన్న సంగతే చాలామందికి తెలియదు. ఫలితం ఏంటంటే కరెంటు కాపాడ్డానికి కరెంటు తీశారు, దాంతో గ్యాస్ తగ్గింది, గ్యాస్ తగ్గేసరికి ఇంకొన్ని ప్లాంట్లు ఆగాయి. ఆ రోజుల్లోనే ఒక అణు రియాక్టర్ కూడా ట్రిప్ అయింది, ఇంధనం నిండుగా ఉంది, రియాక్టర్ బాగానే ఉంది, ఫీడ్‌వాటర్ పంపు దగ్గర ప్రెషర్ చూసే సన్నని పైపు గడ్డకట్టిందంతే.

దీనికి మందులు తెలియనివేం కావు. ప్లాంటు పక్కన డీజిల్ ట్యాంకు పెట్టి రెండు ఇంధనాల మీదా నడిచేలా టర్బైన్ తీసుకోవడం, కట్ చేయలేని గ్యాస్ ఒప్పందం కొనడం, బావి నుంచి ప్లాంటు దాకా చలికి తట్టుకునే తొడుగులు వేయడం. అన్నిటికీ డబ్బవుతుంది, పదేళ్లలో తొమ్మిదేళ్లు ఆ డబ్బు దండగలాగే కనిపిస్తుంది. రేటు ఒక్కటే చూసే మార్కెట్‌లో ఆ ఖర్చు పెట్టినవాడు పెట్టనివాడి కన్నా ఖరీదైపోతాడు కాబట్టి ఎవరూ ముందుకి రారు, రూల్ పెట్టి అందరి చేతా పెట్టిస్తే తప్ప.

నీళ్లు కూడా ఇంధనమే

హైడ్రోకి ఇంధన ఖర్చు సున్నా అనే మాట సగమే నిజం. డ్యామ్‌లో ఇవాళ వాడిన నీళ్లు రేపటికి ఉండవు, కాబట్టి వాటి అసలు విలువ రేపు వాటి బదులు కాల్చాల్సిన ఇంధనం రేటు. మంచి హైడ్రో కంపెనీలు ఈ విలువని వారం వారం లెక్క వేసుకుంటాయి, వాన వచ్చే అవకాశం, డిమాండ్, పక్క గ్రిడ్‌లో రేటు అన్నీ కలిపి. లెక్క కాస్త అటూ ఇటూ అయితే ఏం జరుగుతుందో టాస్మేనియా ఒక మంచి పాఠం.

ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న ఈ ద్వీపానికి ఎక్కువ కరెంటు హైడ్రో నుంచే వస్తుంది, మెయిన్‌ల్యాండ్‌తో కలిపేది సముద్రం అడుగున ఉన్న ఒకే ఒక్క కేబుల్, బాస్‌లింక్. 2012 జులై నుంచి 2014 జులై దాకా ఆస్ట్రేలియాలో కార్బన్ ధర అమల్లో ఉంది, బొగ్గు కరెంటు ఖరీదైంది, దాంతో టాస్మేనియా తన నీళ్ల కరెంటుని అవతలికి బాగా అమ్ముకుంది. లాభమే వచ్చింది, డ్యాములు మాత్రం దిగిపోయాయి. తర్వాత వానలు మొహం చాటేశాయి. పర్లేదు, కేబుల్ మీద కరెంటు తెచ్చుకుందాం అనుకునేలోపు 2015 డిసెంబర్‌లో ఆ కేబుల్ పాడైంది, మళ్లీ పనిచేసేసరికి 2016 జూన్ అయింది. మధ్యలో నిల్వలు 13 శాతం దరిదాపులకి పడిపోయాయి. పక్కన పెట్టేసిన గ్యాస్ ప్లాంటుని మళ్లీ నడిపారు, కంటైనర్లలో డీజిల్ జనరేటర్లు దించారు, పెద్ద ఫ్యాక్టరీలతో వాడకం తగ్గించేలా ఒప్పందాలు చేసుకున్నారు. క్లీన్ కరెంటుకి పేరున్న ద్వీపం డీజిల్ కాల్చింది.

ఇక్కడ దొంగతనం లేదు, మోసం లేదు. అమ్మిన రోజున ఆ అమ్మకం లెక్క ప్రకారం కరెక్టే. కాకపోతే కరువూ కేబుల్ ఫెయిల్యూరూ రెండూ ఒకేసారి వస్తే అనే అవకాశానికి ఆ లెక్కలో ఇచ్చిన బరువు చాలా తక్కువ.

రకరకాల ఇంధనాలుంటే సరిపోతుందా?

ఒకే సప్లయర్ మీద ఆధారపడటం ప్రమాదమని 2022లో జర్మనీ చూసింది. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు ఆ దేశం దిగుమతి చేసుకునే గ్యాస్‌లో సగానికి పైగా రష్యాదే, చవక, పైపు సిద్ధంగా ఉంది. జూన్ నుంచి సరఫరా అంచెలంచెలుగా తగ్గుతూ ఆగస్టు చివరికి రష్యా నుంచి సముద్రం అడుగున వచ్చే గ్యాస్ పైపు నార్డ్ స్ట్రీమ్ పూర్తిగా ఆగింది. మూసేద్దామనుకున్న బొగ్గు ప్లాంట్లు తిరిగొచ్చాయి, మిగిలిన మూడు అణు రియాక్టర్ల గడువు 2023 ఏప్రిల్ దాకా పెరిగింది, విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవులో తేలే ఎల్‌ఎన్‌జీ (ద్రవంగా మార్చి ఓడల్లో తెచ్చే గ్యాస్) టెర్మినల్‌ని డిసెంబర్‌కల్లా నిలబెట్టారు.

అదే ఏడాది ఫ్రాన్స్‌కి వచ్చిన కష్టం వేరు. అక్కడ ఇంధనానికి కొరత లేదు. కొన్ని రియాక్టర్ల పైపుల్లో ఒత్తిడి వల్ల వచ్చే తుప్పు పగుళ్లు కనపడ్డాయి, ఒకే రకం డిజైన్‌లో చాలా కట్టారు కాబట్టి అలాంటివన్నీ ఆపి చెక్ చేయాల్సి వచ్చింది, మామూలు మెయింటెనెన్స్‌తో కలిపి ఒక దశలో 56లో 32 ఆగిపోయి ఉన్నాయి. ఎప్పుడూ కరెంటు అమ్మే దేశం ఆ ఏడాది కొనుక్కుంది. ఒకే డిజైన్ వల్ల కట్టడం, శిక్షణ, విడిభాగాలు అన్నీ చవకైన మాట నిజమే, లోపం బయటపడ్డప్పుడు కూడా అందరికీ ఒకేసారి బయటపడుతుంది.

కాబట్టి కంపెనీ దగ్గర ఎన్ని రకాల ఇంధనాలున్నాయి అని లెక్కపెట్టడం కన్నా, అవన్నీ ఒకే కారణానికి ఆగిపోతాయా అని చూడటం మేలు. పది గ్యాస్ ప్లాంట్లున్నా పైపు ఒక్కటే అయితే అది ఒక్క ప్లాంటు కిందే లెక్క. యురేనియం అయితే 1,000 మెగావాట్ల రియాక్టర్‌కి ఏడాదికి 25–30 టన్నుల ఇంధనం సరిపోతుంది, అదే సైజు బొగ్గు ప్లాంటుకి సుమారు 30 లక్షల టన్నులు కావాలి, 18 నెలలకో రెండేళ్లకో ఒకసారి మారిస్తే చాలు కాబట్టి రోజువారీ టెన్షన్ ఉండదు. కానీ యురేనియాన్ని రియాక్టర్‌కి పనికొచ్చేలా సుసంపన్నం చేసే (ఎన్‌రిచ్‌మెంట్) సామర్థ్యంలో ప్రపంచం మొత్తం మీద 40 శాతానికి పైగా రష్యా చేతిలోనే ఉంది, పైగా రియాక్టర్‌లో పెట్టే ఇంధన కట్టలు ఆ డిజైన్‌కి తగ్గట్టే తయారవ్వాలి. రష్యన్ డిజైన్ రియాక్టర్లున్న ఉక్రెయిన్ అమెరికన్ కంపెనీ ఇంధనానికి మారడానికి ఏళ్లు పట్టింది.

రేటు పెరిగితే ఎవరు కడతారు

ఇప్పుడు బిల్లులో ఆ లైన్ దగ్గరికి వద్దాం. ఇంధనం రేటు కంపెనీ చేతిలో ఉండదు కాబట్టి పెరిగినా తగ్గినా ఆ తేడాని వినియోగదారుడికి బదిలీ చేసే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. వాదన సబబే, లేకపోతే ఒక చెడ్డ చలికాలానికే కంపెనీ దివాలా తీస్తుంది, దివాలా కంపెనీ ఎవరికీ కరెంటివ్వలేదు.

అయితే నూటికి నూరు పాళ్లు బదిలీ చేస్తే ఇంకో సమస్య పుడుతుంది. ఇంధనం కొనేవాడు, దాని ఖర్చు భరించేవాడు వేర్వేరు అయిపోతారు. గట్టిగా బేరమాడి కొన్నా, పాత బాయిలర్‌కి రిపేరు చేసి ఇంధనం ఆదా చేసినా ఆ లాభం కంపెనీకి రాదు, చేయకపోయినా నష్టం లేదు. సోలార్ ప్లాంటు పెడితే పెట్టుబడి రిస్క్ కంపెనీది, గ్యాస్ కాలుస్తూ పోతే రేటు రిస్క్ జనానిది, రెండోదే హాయి. చమురు మీద ఎక్కువగా ఆధారపడ్డ హవాయిలో రెగ్యులేటర్ దీనికి చిన్న మార్పు చేశారు, ఇంధనం రేటు తేడాలో 98 శాతం వినియోగదారులది, 2 శాతం కంపెనీది, దానికీ ఒక పరిమితి. రెండు శాతమేనా అనిపించొచ్చు, కానీ వేల కోట్ల కొనుగోళ్లలో ఆ రెండు శాతం వాటాదారుల సొమ్ము కాబట్టి కొనుగోలు డిపార్ట్‌మెంట్ మీద బోర్డు చూపు పడుతుంది.

మిగతాది ఒప్పందాల పని. ఎక్కువ భాగం దీర్ఘకాల ఒప్పందంలో, కొంచెం స్పాట్ మార్కెట్‌లో, అంటే అప్పటికప్పుడు ఉన్న రేటుకి, కొనడం మామూలు పద్ధతి. అంతా దీర్ఘకాలమైతే వాడినా వాడకపోయినా డబ్బు కట్టాల్సిన షరతు మెడకి చుట్టుకుంటుంది, డిమాండ్ తగ్గితే వద్దన్నా కాల్చాలి. అంతా స్పాట్ అయితే 2022 లాంటి ఏడాదిలో ఊపిరాడదు.

కాలాక మిగిలేది

ఇందాకటి 500 మెగావాట్ల ప్లాంటు దగ్గరికే వద్దాం. రోజుకి కాల్చే 7,200 టన్నుల్లో బూడిద 35 శాతమైతే రోజూ 2,500 టన్నుల బూడిద. సిమెంటు, ఇటుకలు, రోడ్లు కొంత తీసుకుంటాయి, మిగిలింది నీళ్లలో కలిపి బూడిద చెరువుకి పంపుతారు, అది ఏళ్ల తరబడి ఎత్తు పెరుగుతూ పోతుంది. అమెరికాలో టెన్నెసీ వ్యాలీ అథారిటీ అనే ప్రభుత్వ కరెంటు సంస్థ వాళ్ల కింగ్‌స్టన్ ప్లాంటులో 2008 డిసెంబర్ 22 అర్ధరాత్రి దాటాక అలాంటి చెరువు గట్టు తెగింది. దాదాపు 41 లక్షల ఘనపు మీటర్ల తడి బూడిద సుమారు 300 ఎకరాల మీద పరుచుకుని నదిలోకి పోయింది. శుభ్రం చేయడానికి 100 కోట్ల డాలర్లకి పైగా ఖర్చయింది. బొగ్గు బూడిద మీద అమెరికా కేంద్ర స్థాయిలో నిబంధన తెచ్చింది 2015లో. అన్ని దశాబ్దాలూ చవక కరెంటుగా అమ్మింది నిజంగా చవకేం కాదు, ఒక ఖర్చు బిల్లు మీదికెక్కకుండా గట్టు వెనక ఆగి ఉందంతే.

గ్యాస్‌కి బూడిద లేదు గానీ లీక్ ఉంది. మీథేన్ 20 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది, అందుకే బావి నుంచి ప్లాంటు దాకా కొద్ది శాతం లీకైనా బొగ్గు మీద గ్యాస్‌కి ఉన్న ఆధిక్యం కరిగిపోతుంది. లాస్ ఏంజిలస్ పక్కన ఆలిసో కాన్యన్‌లో భూగర్భ గ్యాస్ నిల్వ ఉంది, అక్కడ 1950ల్లో తవ్విన ఒక బావి తొడుగు 2015 అక్టోబర్‌లో పగిలి, మూసేసరికి 2016 ఫిబ్రవరి వచ్చింది, ఈలోపు దాదాపు లక్ష టన్నుల మీథేన్ గాల్లోకి పోయింది, వేల కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయి. ప్లాంటు చిమ్నీ దగ్గర మాత్రమే కొలిచే లెక్కలో ఇది ఎక్కడా కనపడదు.

వాడేసిన అణు ఇంధనం సైజులో చిన్నది, సమస్య టైమ్‌ది. కొన్నేళ్లు నీళ్ల పూల్‌లో చల్లార్చి తర్వాత ఉక్కు, కాంక్రీట్ పీపాల్లో పెడతారు. శాశ్వతంగా పాతిపెట్టే చోటు కోసం ఫిన్లాండ్ ఓన్కాలోలో 400 మీటర్లకి పైగా లోతున రాతిలో సొరంగాలు తవ్వింది.

సోలార్ వచ్చాక బొగ్గు లెక్క తారుమారు

సోలార్, విండ్‌కి ఇంధనం కొనక్కర్లేదు, మెరిట్ ఆర్డర్‌లో అవే ముందుంటాయి. దాని ప్రభావం మిగతా ఇంధనాల మీద పడుతుంది. మధ్యాహ్నం సోలార్ ఉధృతంగా ఉన్నప్పుడు బొగ్గు ప్లాంటు సగానికి దిగాలి, సూర్యుడు దిగగానే మళ్లీ ఎక్కాలి. సగం లోడ్‌లో నడిచే ప్లాంటు యూనిట్‌కి ఎక్కువ బొగ్గు తింటుంది, వేడెక్కి చల్లారే ప్రతిసారీ బాయిలర్ ట్యూబులు అరుగుతాయి. మొత్తం మీద కాలేది తగ్గుతుంది, కానీ రోజుకి ఎన్ని టన్నులు కావాలో ముందే చెప్పడం కష్టమవుతుంది, ఒకరోజు రెండు రైళ్లు కావాలి, మరుసటి రోజు ఒక్కటి చాలు. రైల్వేతో, గనితో ఉన్న ఒప్పందాలు అలా రాసుకున్నవి కావు.

పూర్తిగా మూసేసే ప్లాంటు దగ్గరైతే లెక్క తలకిందులవుతుంది, కుప్ప ఎప్పుడు ఖాళీ అవ్వాలి అనేది ప్రశ్న. ముందే అయిపోతే ఒప్పుకున్న కరెంటు ఇవ్వలేరు, మిగిలిపోతే మోసుకెళ్లే ఖర్చు మీదపడుతుంది. బ్రిటన్‌లో చివరి బొగ్గు ప్లాంటు రాట్‌క్లిఫ్‌కి ఆఖరి బొగ్గు రైలు 2024 జూన్ చివర్లో వచ్చింది, 1,650 టన్నులు, 5 లక్షల ఇళ్లకి 8 గంటలపాటు సరిపోయేంత. ఉన్న కుప్పతో మిగతా మూడు నెలలు నెట్టుకొచ్చి సెప్టెంబర్ 30న ప్లాంటు ఆపేశారు. 1882లో లండన్‌లో మొదలైన బొగ్గు కరెంటు అక్కడితో ఆగింది, గాలి వీచని చలికాలపు సాయంత్రాల భారం ఇప్పుడు ఎక్కువగా గ్యాస్ మీదా, సముద్రం కింద కేబుళ్ల మీదా ఉంది.